వినపడని బీపీని రాయకు బిడ్డా

ప్రశ్న: మేడం, మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. ఇంటర్ అయ్యాక హన్మకొండలో మెడికల్ అసిస్టెంట్ కోర్సులో చేరాను. కాలేజీలో బొమ్మ మీద చేసినప్పుడు అన్నీ బాగానే వచ్చాయి. ఇప్పుడు ఆస్పత్రిలో పోస్టింగ్ వేశారు. పేషెంట్ దగ్గరికి వెళ్లగానే చేతులు వణుకుతున్నాయి. బీపీ చూస్తుంటే శబ్దం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. వెనక లైను ఉంటుంది, అడిగితే తిడతారేమోనని కొన్నిసార్లు 120/80 అని రాసేశాను. నాతో చేరిన అమ్మాయిలు సూదులు చకచకా వేస్తున్నారు, నాకు ఇంకా భయమే. ఊరికి పోతే మాత్రం 'డాక్టరమ్మ వచ్చింది, ఓ సూది ఏసి పో' అంటున్నారు. నేను ఈ పనికి పనికిరానా? మంచి స్టెతస్కోప్ కొనుక్కుంటే బాగా వినపడుతుందా? – ఒక విద్యార్థిని

సమాధానం: చేతులు వణకడం గురించి తర్వాత మాట్లాడదాం, అది తగ్గిపోయేదే. ముందు ఆ 120/80 సంగతి చూడాలి. ఈ మాట నువ్వు దాచుకోకుండా రాశావు, అందుకే నీ మీద నాకు నమ్మకం ఉంది, కానీ ఆ అలవాటు మాత్రం రేపటి నుంచి కాదు, ఇవాళే ఆగిపోవాలి. ఎందుకో చెప్తాను, కోప్పడుతున్నానని అనుకోకు.

ఏడో నెల గర్భిణి ఒకామె చెకప్‌కి వచ్చిందనుకో. కాళ్లు వాచాయి, నిన్నటి నుంచి తలనొప్పి, 'ఎండలో తిరిగాను కదా, అందుకే' అనుకుంటోంది. ఆమె అసలు బీపీ 150/100. గర్భిణికి బీపీ 140/90కి చేరిందంటే చాలు, డాక్టర్ మళ్లీ చూపిస్తారు, మూత్రంలో ప్రొటీన్ పోతోందా అని పరీక్ష రాస్తారు, అవసరమైతే ఉంచేసుకుంటారు, ఎందుకంటే పట్టించుకోకపోతే అది ఫిట్స్ దాకా పోయి తల్లీబిడ్డ ఇద్దరి ప్రాణం మీదికి వస్తుంది. నువ్వు కార్డు మీద 120/80 రాస్తే ఐరన్ గోలీలు చేతిలో పెట్టి, వచ్చే నెల రమ్మని పంపించేస్తారు. ఆమె సంతోషంగానే బస్సెక్కుతుంది. నువ్వు అసలు బీపీ చూడకుండా ఆ గడి ఖాళీగా వదిలేసి ఉంటే 'బీపీ ఏది?' అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. 120/80 కనిపిస్తే ఎవ్వరూ అడగరు. ఖాళీ గడి కంటే ఆ అంకె ఎందుకు ప్రమాదమో చూశావా?

కాబట్టి ఒక్క వాక్యం నోటికి తెచ్చుకో. 'సిస్టర్, నాకు సరిగ్గా వినపడలేదు, ఒకసారి మీరు చూడండి.' అంతే. కొందరు విసుక్కుంటారు, నిజమే. పొద్దున పదకొండింటికి ఓపీ నిండా జనం ఉన్నప్పుడు ఆమె తల మీద కూడా చాలా పని ఉంటుంది. విసుక్కున్నా వచ్చి చూస్తుంది. చూశాక ఆమె ఎంత చెప్పిందో, నీకు ఎంత వినపడిందో పక్కపక్కన నీ నోట్‌బుక్‌లో రాసుకో. ఏళ్ల తరబడి పారామెడికల్ పిల్లలకు ప్రాక్టికల్స్ చెప్పినదాన్ని, వాళ్లలో 'రాలేదు మేడం' అని అడిగిన పిల్లలే త్వరగా నేర్చుకున్నారు. అన్నీ వచ్చినట్టు తలూపిన వాళ్లు పరీక్ష రోజు వరకూ అలాగే ఉండిపోయారు.

నువ్వు అలా రాసిన వాళ్లలో ఎవరైనా ఇంకా వార్డులోనే ఉంటే వెళ్లి మళ్లీ బీపీ చూడు, తేడా ఉంటే ఇన్‌చార్జి సిస్టర్‌కి చెప్పు. అప్పటి అంకె సరిగ్గా వినకుండా రాశానని కూడా చెప్పు. తిట్టు పడితే పడనీ.

ఇక శబ్దం వినపడకపోవడం. నూటికి తొంభై మంది పిల్లలకు ఇక్కడ సమస్య చెవులది కాదు, పట్టీ కట్టడంలోనో, స్టెత్ పెట్టిన చోటులోనో ఉంటుంది. ముందు చెవిలో పెట్టుకునే కొనలు చూడు. అవి ముందుకు, నీ ముక్కు వైపుకు వంగి ఉండాలి. తిరగేసి పెట్టుకుంటే చెవి గోడకు ఆనుకుని సగం శబ్దం అక్కడే పోతుంది. రెండు వైపులా వినే స్టెత్ అయితే ఏ వైపు తెరుచుకుని ఉందో వేలితో మెల్లగా తట్టి చూసుకో. ఈ రెండూ పేషెంట్ దగ్గరికి వెళ్లక ముందే అయిపోవాలి.

తర్వాత ధమని ఎక్కడుందో వేళ్లతో వెతుకు. చెయ్యి చాపి అరచెయ్యి పైకి పెట్టించు, మోచేయి మడతలో మధ్యన గట్టిగా తగిలే నరం లాంటి కండర బంధం ఉంటుంది, దానికి లోపలి వైపు, అంటే చిటికెన వేలి వైపు, నాడి కొట్టుకుంటుంది. అది దొరికే దాకా స్టెత్ పెట్టకు. చాలామంది మడత మధ్యలో ఎక్కడో ఒకచోట పెట్టేసి వినపడలేదంటారు. పట్టీ లోపల గాలి నిండే సంచి ఉంటుంది కదా, దాని మధ్య గీత ఆ నాడి మీదికి రావాలి, పట్టీ కింది అంచు మోచేయి మడతకు రెండు వేళ్లు పైన ఉండాలి. స్టెత్‌ని పట్టీ కిందికి తోసేయకు, పట్టీకి తగిలితే గరగరమంటుంది. జాకెట్ చెయ్యి బిగుతుగా పైకి మడిచి దాని కింద పట్టీ కడతారు చూడు, అదీ తప్పే, ఆ మడతే ఇంకో పట్టీలాగా బిగిస్తుంది. వదులు చేయించాలి, కుదరకపోతే కర్టెన్ చాటుకు తీసుకెళ్లి ఆ చెయ్యి తీయించాలి. లావుగా ఉన్న చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది, గాలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం దాకా చుట్టి రావాలి. పెద్ద పట్టీ ఉందేమో అడుగు, చాలా చోట్ల బీరువాలో ఉంటుంది, ఎవరూ తీయరు.

ఇప్పుడు అసలు కిటుకు. స్టెత్ పెట్టక ముందు మణికట్టు దగ్గర నాడి మీద వేళ్లు పెట్టి గాలి కొట్టు. నాడి ఎక్కడ మాయమైందో చూడు, 130 దగ్గర అనుకుందాం. గాలి మొత్తం వదిలెయ్, ఒక నిమిషం ఆగు. ఇప్పుడు స్టెత్ పెట్టి 160 దాకా కొట్టు, అంటే మాయమైన చోటికి ముప్పై పైన. అక్కడి నుంచి సెకనుకు దాదాపు ఒక గీత చొప్పున, అంటే 2, 3 మిల్లీమీటర్లు దిగేలా వదలాలి. నువ్వు భయంతో స్క్రూ ఒక్కసారిగా తిప్పేస్తున్నావని నా అనుమానం, ముల్లు జారిపోతుంటే ఎవరికీ ఏమీ వినపడదు. మొదటిసారి టక్, టక్ అని వరుసగా రెండు వినపడిన చోట పై అంకె. శబ్దం పూర్తిగా ఆగిపోయిన చోట కింది అంకె. ముల్లు కదలడం చూసి రాయకు, చెవితో విన్నదే రాయి, శబ్దం రాకముందే ముల్లు కొంచెం కొంచెం ఊగుతూ మోసం చేస్తుంది. ఇంకో మాట, మామూలు గేజీ మీద ఒక్కో గీత రెండు, కాబట్టి ఒక్కసారే చూసినప్పుడు 125, 133 అని రాశావంటే అది చూసి రాసింది కాదని చూడగానే తెలిసిపోతుంది. అన్నీ సున్నాతో అయిపోయే అంకెలు రాసినా అంతే.

వేళ్లతో ముందు చూడమన్నది కేవలం నేర్చుకునే వాళ్ల కోసం కాదు. బీపీ ఎక్కువున్న కొందరిలో శబ్దం మొదలై, మధ్యలో కాసేపు ఆగిపోయి, మళ్లీ వస్తుంది. నువ్వు 150 దాకా మాత్రమే కొట్టి వింటే ఆ ఖాళీలో పడిపోయి 190 ఉన్న మనిషికి 140 అని రాస్తావు. వేళ్ల కింద నాడి చూసుకుంటే అలా జరగదు. రష్యా డాక్టర్ కొరొత్కోవ్ ఈ శబ్దాల సంగతి చెప్పింది 1905లో. అంతకుముందు, 1896లో ఇటలీలో రీవా-రోచ్చీ పట్టీ తయారు చేసినప్పుడు, వేళ్లతో నాడి చూసే పై అంకె తెలుసుకునేవాళ్లు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, స్టెత్‌తో ఏమీ వినపడని రోజు కూడా వేళ్లతో చూసిన పై అంకె నీ దగ్గర ఉంటుంది. 'నాడి చూసి 130, శబ్దం వినపడలేదు' అని సిస్టర్‌కి చెప్పొచ్చు. ఊరికే 120/80 రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాదు.

మరీ సన్నగా వినపడితే, పట్టీ కట్టాక ఆ చేతిని అర నిమిషం తల పైకి ఎత్తించి, అలాగే గాలి కొట్టి, చెయ్యి దించి వదులు. శబ్దం గట్టిగా వస్తుంది. మధ్యలో ఆపి మళ్లీ గాలి కొట్టడం మాత్రం చేయకు. పూర్తిగా వదిలేసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టు. డయాలసిస్ చేయించుకునే చాలామందికి చేతిలో ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటు, ఉంటుంది, ఆ చేతికి పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు. రొమ్ము ఆపరేషన్ అయిన వైపు చెయ్యి కూడా వద్దు. ఇది ముందే అడుగు, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

పేషెంట్ ఎలా వచ్చాడో కూడా చూడాలి. ములుగు దిక్కు నుంచి పొద్దున్నే బస్సెక్కి, వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి గేటు ముందు దిగి, ఓ చాయ తాగి, బీడీ కాల్చి, చీటీ కోసం లైన్లో నిలబడి, చివరికి నీ ముందు స్టూలు మీద కూలబడిన పెద్దాయనకు వెంటనే పట్టీ కడితే 170 వస్తే ఆశ్చర్యం ఏముంది? స్టూలుకి వీపు ఆనదు, చెయ్యి గాల్లో వేలాడుతుంది, ఒంటికి వెళ్లొద్దామంటే లైను పోతుందని ఆపుకుని కూర్చుంటాడు, పైగా నువ్వు గాలి కొడుతుంటే తన బాధలన్నీ నీకు చెప్తుంటాడు. వీటిలో ఒక్కోటీ బీపీని పెంచేదే. వీపు ఆనేలా కుర్చీలో కూర్చోబెట్టు, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వద్దు, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, ఐదు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చోవాలి. 'పెద్దనాయనా, కాసేపు మాట్లాడకు, అయిపోయినంక అన్నీ వింట' అని చెప్పు, వింటారు. చాయ, బీడీ అయ్యి అర గంట కాకపోతే అది కూడా చీటీ మీద రాయి. రద్దీలో అందరికీ ఐదు నిమిషాలు ఇవ్వలేవు, నాకు తెలుసు. అందుకే లైనులో తర్వాతి నలుగురిని ముందే కుర్చీల్లో కూర్చోబెట్టుకో, ఒకరికి చూసేలోపు మిగతా వాళ్లకు విశ్రాంతి అయిపోతుంది.

నేర్చుకోవడానికి ఓపీ సమయం మంచిది కాదు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక వార్డుకు వెళ్లి, సిస్టర్‌ని అడిగి, ఆమె ఇప్పుడే చూసిన పేషెంట్‌కి నువ్వు ఒకసారి చూడు. ఇంట్లో కూడా చేయొచ్చు. మీ నానమ్మకు చూడు, రోజూ ఒకే వేళకి, అంకె రాసి పెట్టు, అదే చేతికి చూడు. ఆమె టీవీ చూస్తుంటే ఊపిరి లెక్కపెట్టు. లెక్కపెడుతున్నానని చెప్పావా, ఊపిరి మారిపోతుంది, అందుకే మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండి ఛాతీ కదలిక లెక్కపెట్టాలి, నిండుగా ఒక నిమిషం. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మధ్య ఉంటుంది. ఆస్పత్రి రిజిస్టర్లలో అందరికీ ఒకటే అంకె కనిపించేది ఇక్కడే, ఎందుకంటే దీన్ని ఎవరూ లెక్కపెట్టరు. కానీ మనిషికి బాగా లేదని మొదట చెప్పేది చాలాసార్లు ఈ ఊపిరే. నాడి బొటనవేలితో చూడకు, నీ నాడే నీకు తగులుతుంది. కొట్టుకోవడంలో తేడా అనిపిస్తే పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం పనికిరాదు, మొత్తం నిమిషం లెక్కపెట్టాల్సిందే. ఆక్సిజన్ చూసే క్లిప్ పెట్టేముందు గోళ్ల రంగు తుడిపించు, వేళ్లు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టు.

ఇప్పుడు వణుకు. పోస్టింగ్‌కి పొద్దున ఏమీ తినకుండా పరుగెత్తుకొస్తున్నావా? హాస్టల్ పిల్లలు చాలామంది అంతే. ఇడ్లీయో ఉప్మాయో తిని రా, సగం వణుకు అక్కడే తగ్గుతుంది. మిగతా సగం చేతికి ఆనుకునే చోటు లేకపోవడం వల్ల. సూది వేసేటప్పుడు రెండో చేతిని పేషెంట్ భుజం మీద గట్టిగా ఆనించు, సిరంజి పట్టుకున్న చేతి చిటికెన వేలు చర్మానికి తగిలేలా ఉంచు, గాల్లో నుంచి దూకించకు. భుజం ఎముక చివర నుంచి రెండు మూడు వేళ్లు కింద, కండ మందంగా ఉన్న చోట, నిటారుగా, 90 డిగ్రీలు. మెల్లమెల్లగా గుచ్చితేనే నొప్పి ఎక్కువ. స్పిరిట్ దూదితో తుడిచాక ఆరనివ్వాలి, నోటితో ఊదకూడదు, మళ్లీ వేలితో తాకకూడదు. తడి మీద గుచ్చితే మంట. 'నొప్పి ఉండదు' అని అబద్ధం చెప్పకు, 'కొంచెం సురుక్కుమంటది' అను. బత్తాయి మీద ప్రాక్టీస్ చేయొచ్చు, సిరంజి పట్టుకోవడం, గాలి తీయడం, వయల్‌లో నుంచి మందు లాగడం వేళ్లకు అలవాటవుతుంది.

నీ స్నేహితురాళ్లు చకచకా వేస్తున్నారన్నావు. వాళ్లు మందు పేరు ఎన్నిసార్లు చదువుతున్నారో గమనించావా? బల్ల మీద నుంచి తీసేటప్పుడు ఒకసారి, సిరంజిలోకి లాగేటప్పుడు ఒకసారి, పేషెంట్ పక్కన వేసేముందు ఒకసారి. వేరేవాళ్లు లోడ్ చేసి చేతికిచ్చిన సిరంజి, దాని మీద ఏమీ రాసి లేకపోతే, నువ్వు వేయకు. ఎవరిచ్చినా సరే. ఏ అలర్జీ ఉందో అడగకుండా వేయకు. సూది వేయడం వారంలో వచ్చేస్తుంది, ఈ చదవడం, అడగడం అలవాటు కావడానికే కోర్సు అంతా పడుతుంది. కాబట్టి వేగం చూసి బెంగ పెట్టుకోవద్దు.

అడగడం అంటే గుర్తొచ్చింది, పేరు అడిగే పద్ధతి. మన దగ్గర, ముఖ్యంగా ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లలో ఒకే వార్డులో ఇద్దరు సమ్మక్కలు, ఇంకో ఇద్దరు సారక్కలు ఉండటం కొత్తేమీ కాదు. కొమురయ్యలు, మల్లయ్యలు సరేసరి. 'సమ్మక్కా, నువ్వేనా?' అంటే నీరసంగా పడుకున్న మనిషి ఎవరైనా 'ఆ' అంటుంది, చెవి వినపడని ముసలామె కూడా 'ఆ' అంటుంది. 'అమ్మా, నీ పేరేంది? ఏ ఊరు? నీ పెనిమిటి పేరేంది?' అని అడిగి, వాళ్ల నోట చెప్పించి, కేస్ షీట్‌తో పోల్చు. రక్తం తీశాక ట్యూబు మీద పేరు ఆ మంచం పక్కనే రాయి. ఖాళీ ట్యూబుల మీద ముందే పేర్లు రాసి పెట్టుకోవడం, అందరివీ తీసేసి బల్ల దగ్గర కూర్చుని రాసుకోవడం, రెండూ వద్దు. ఒకరి రక్తం గ్రూపు ఇంకొకరి పేరు మీద పోతే ఏమవుతుందో నీకు చెప్పనక్కర్లేదు.

రక్తం తీయడంలో రెండే మాటలు చెప్తాను, మిగతాది నీకు పక్కన నిలబడి నేర్పేవాళ్లు ఉండాలి. టర్నికెట్, అంటే రక్తం తీసేముందు చేతికి బిగించే పట్టీ, ఒక నిమిషం మించి ఉంచకు, పిడికిలి పదే పదే మూసి తెరవమనకు, ట్యూబుని గిలకొట్టకు. గిలకొడితే రక్తకణాలు పగిలి పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది, పిడికిలి ఆడించినా పెరుగుతుంది, దాన్ని చూసి డాక్టర్ లేని జబ్బుకు కంగారుపడాలి. రెండోది, ట్యూబుల వరుస. ముందు నీలం మూత, తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆ తర్వాత ఆకుపచ్చ, వంగపండు రంగు, ఆఖరికి బూడిద రంగు. వంగపండు మూత ట్యూబులో ఉండే మందులో పొటాషియం ఉంటుంది, అది ముందు తీస్తే తర్వాతి ట్యూబులోకి అంటుకునే ప్రమాదం ఉంది. నీలం మూత ట్యూబు గీత దాకా నిండాల్సిందే.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకు. పాత అలవాటున్నవాళ్లు పెడుతుంటారు, వాళ్లను చూసి నేర్చుకోకు. సూదులు తెల్ల డబ్బాలోకి పోవాలి, 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో పసుపు, ఎరుపు, తెలుపు, నీలం ఏది దేనికో స్పష్టంగా ఉంది, మీ వార్డు గోడ మీద కూడా అతికించి ఉంటారు. ఒకవేళ గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకోవద్దు, పిండొద్దు, పారే నీళ్లలో సబ్బుతో కడిగి ఆ నిమిషంలోనే సిస్టర్‌కి చెప్పు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. భయపడి దాచిపెడితే ఆ సమయం పోతుంది. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు వేయించుకున్నావా? ఈ కాగితం పక్కన పెట్టి ముందు ఆ సంగతి తేల్చుకో. లేకపోతే ఈ వారంలోనే మొదటి డోసు వేయించుకో, రెండోది నెలకు, మూడోది మొదటిదానికి ఆరు నెలలకు.

చేతులు కడుక్కోవడం నీకు తెలుసని వదిలేస్తున్నాను, కానీ సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు, ఒక పేషెంట్‌కీ ఇంకో పేషెంట్‌కీ మధ్య తప్పనిసరి. మట్టి గాజులు, ఉంగరాలు డ్యూటీలో తీసేయి. తీయొద్దని ఇంట్లో పెద్దవాళ్లు అంటే, గాజుల సందుల్లో మురికి నిలుస్తుందని, అది పసిపిల్లల వార్డుకు కూడా పోతుందని నెమ్మదిగా చెప్పు.

ఇక ఊరి సంగతి. దీని గురించి చాలా గట్టిగా చెప్పాలి. ఊళ్లో నువ్వు సూది వేయకు. చుట్టం అయినా, పక్కింటి అవ్వ అయినా, 'గా ఆర్ఎంపీ ఏస్తలేడా, నీకేమైంది' అన్నా. ఒళ్లు నొప్పులకు, జ్వరానికి వాళ్లు అడిగే సూది చాలాసార్లు డైక్లోఫినాక్. వానాకాలంలో ఆ జ్వరం డెంగీ అయితే, ఆ మందు రక్తస్రావం పెంచుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి కండలో సూది గుచ్చడమే మంచిది కాదు. యాంటీబయాటిక్ సూది పడక కొందరికి నిమిషాల్లో ఊపిరి ఆగిపోతుంది, అప్పుడు చేతిలో అడ్రినలిన్, ఆక్సిజన్, పక్కన డాక్టర్ ఉండాలి. పిరుదు మీద సూది తప్పు చోట పడితే నరం దెబ్బతిని పాదం పడిపోతుంది, పసిపిల్లలకు జీవితాంతం కుంటు మిగులుతుంది. డాక్టర్ రాయని సూది, పక్కన సిస్టర్ లేని సూది, విద్యార్థిగా నీది కాదు.

అలాగని ఉత్త చేతులతో పంపించాల్సిన పని లేదు. బీపీ చూడు, జ్వరం చూడు, నాడి చూడు, ఒక కాగితం మీద తారీఖు, టైము వేసి రాసివ్వు. 'అవ్వా, ఇది తీసుకుని పల్లె దవాఖానకో పీహెచ్‌సీకో పో, అక్కడ చూపించు' అను. ఊళ్లో ఏఎన్ఎం ఎవరో, ఆశా కార్యకర్త ఎవరో నీకు తెలుసు కదా, వాళ్లకు ఫోన్ చేసి చెప్పు. ఊపిరి ఆడకపోయినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి కాలు పడిపోయినా, ఛాతీలో నొప్పి అన్నా ఇంకేమీ చూడకుండా 108కి చెయ్యి. బీపీ గోలీ 'బాగైంది' అని ఎవరైనా మానేశారా అని కనుక్కో, ఊళ్లలో పక్షవాతానికి ఇదీ ఒక పెద్ద కారణం, ఈ ఒక్క ప్రశ్న అడిగేవాళ్లు ఊరికొకరు ఉంటే చాలా ఇళ్లలో మంచాన పడేవాళ్లు తగ్గుతారు. సూది వేయనందుకు మొదట్లో కోప్పడతారు. నీ కాగితం చూసి పీహెచ్‌సీ డాక్టర్ మందు మార్చిన రోజు వాళ్లే ఇంకొకరిని నీ దగ్గరికి తీసుకొస్తారు.

పనికిరానా అని అడిగావు. వినపడకపోతే వినపడలేదని చెప్పడం మొదలుపెడితే పనికొస్తావు, నాకు ఆ అనుమానం లేదు.

స్టెతస్కోప్ గురించి: ఖరీదైనది ఇప్పుడు కొనకు. చెవిలో పెట్టుకునే కొనలు మెత్తగా, చెవి రంధ్రం పూర్తిగా మూసుకునేలా ఉండాలి, ట్యూబు పగుళ్లు లేకుండా ఉండాలి, అంతే చాలు. పేషెంట్‌కి పేషెంట్‌కి మధ్య స్పిరిట్ దూదితో తుడుచుకో. మీ మేడంని అడిగి ఆమె స్టెత్‌తో ఒకసారి, నీ దానితో ఒకసారి, ఒకే పేషెంట్‌కి విని చూడు. ఆమె దానితో బాగా వినపడి నీ దానితో వినపడకపోతే అప్పుడు మార్చు. రెండింటితోనూ సన్నగానే వినపడితే ఈఎన్‌టీ ఓపీలో చెవులు చూపించుకో, గులిమి గట్టిపడి ఉంటే తీసేస్తారు.